జురా నేలమాళిగలో మెంతుల వాసన

నమస్తే అండీ! పొద్దున్నే లియాన్‌లో బయల్దేరి, రెండు గంటల్లో ఆర్బువా వచ్చేశాం. ఫ్రాన్స్‌కి తూర్పున, స్విట్జర్లాండ్ సరిహద్దు కొండల వైపు ఉండే జురా ప్రాంతం ఇది. లూయీ పాశ్చర్ చిన్నప్పుడు పెరిగిన ఊరు.

మేం వచ్చింది భార్యాభర్తలిద్దరే చూసుకునే చిన్న ద్రాక్షతోటకి. రసాయన మందులు కొట్టరు, గుత్తులు చేత్తోనే కోస్తారు. పులియడానికి బయట కొన్న ఈస్ట్ వేయరు, పండుతో పాటు తోట నుంచి వచ్చిందే చాలంటారు. ఈ పక్కనే పుపియాన్ అనే పల్లెలో పియెర్ ఓవర్‌నువా 1980లలోనే, వైన్ పాడవకుండా మామూలుగా వేసే గంధకం కలపకుండా వైన్ చేయడం మొదలుపెట్టారు. నేచురల్ వైన్ ఇష్టపడేవాళ్ల దగ్గర ఆ పేరు ఎత్తితే చాలు, గంటసేపు మాట్లాడతారు.

ఇక్కడ ఎర్ర వైన్ ముందు పోస్తారు, తెల్లది తర్వాత. ఎందుకో ఒక్క గుక్కలో అర్థమైపోయింది. ఇదిగో, ఈ ప్లుసార్ చూడండి, ఎర్ర వైనే కానీ గ్లాసు అవతల నా వేళ్లు కనబడుతున్నాయి. ఇంత తేలిక! తెల్లవే ఇక్కడ గట్టివి.

ఇక మేం దేనికోసం వచ్చామో అది. వాన్ జోన్, అంటే పసుపు వైన్. సావన్యాన్ అనే తెల్ల ద్రాక్షతోనే చేస్తారు. మామూలుగా పీపాలో వైన్ ఆవిరై తగ్గుతుంటే ఎప్పటికప్పుడు మళ్లీ నింపుతారు. దీన్ని మాత్రం నింపరు. ఆ ఖాళీలో, పాల మీద మీగడ కట్టినట్టు, వైన్ మీద ఈస్ట్ పొర కడుతుంది. తోట యజమానురాలు టార్చి వేసి ఒక పీపాలోకి చూడమన్నారు. బూడిదరంగు పొర, అక్కడక్కడ ముడతలు. ఊపిరి తగిలినా చెదిరిపోతుందేమో అన్నంత పల్చన! పంట కోసిన ఆరో ఏడాది డిసెంబర్ 15 దాకా సీసాలోకి పట్టకూడదు. అన్నాళ్లకి లీటరు కాస్తా 62 సెంటీలీటర్లు మిగులుతుందట. అందుకే దీని పొట్టి సీసా, క్లావ్లాన్, సరిగ్గా 62 సెంటీలీటర్లే.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆగిపోయాను. అక్రోట్ వాసన వస్తుందని అందరూ చెప్తారు, వచ్చింది. దాని వెనకాల మెంతులు! ఆవకాయ కలిపే రోజు మా అమ్మ మూకుట్లో దోరగా వేయించే మెంతులు. తోట ఆవిడకి చెప్తే, ఇక్కడివాళ్లు కర్రీ వాసన అంటారన్నారు. వెతికి చూస్తే, మెంతుల్లో ఆ వాసనకి మూలం సొటొలాన్ అనే పదార్థం, ఆ పొర కింద ఏళ్లకేళ్లు ఉన్న ఈ వైన్లోనూ అదే తయారవుతుంది. అంటే నా ముక్కు సరిగ్గానే పట్టుకుంది! ఎంత సంతోషం వేసిందో. ఒక ముక్క కోంతే చీజ్ కొరికి మళ్లీ తాగితే, ఉప్పదనం, పులుపు, మెంతుల చిరుచేదు నాలుక మీద చాలాసేపు ఉండిపోయాయి. మా వారు డ్రైవింగ్ కాబట్టి రుచి చూసి ఉమ్మేయాల్సి వచ్చింది, పాపం.

ఒక సీసా తెచ్చుకున్నాం. ఫ్రిజ్‌లో చల్లగా కాదు, దాదాపు గది వేడి మీదే తాగాలి. మూత తీసినా వారాల తరబడి నిలవుంటుందట. రేపు మెంతికూర వేసి కోడికూర వండి, దీంతో తిని చూస్తాం. ఎలా కుదిరిందో వచ్చే వీడియోలో చెప్తాను.