సినిమా ఆడకపోతే పనికొస్తుందని రాయించిన నవల

(బెంగళూరులో ఒక తెలుగు స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: సంధానకర్త, ఒక అనువాదకురాలు, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు.)

సంధానకర్త: ఈ వారం పుస్తకం 'స్ప్లింటర్ ఆఫ్ ద మైండ్స్ ఐ'. ఆలన్ డీన్ ఫోస్టర్ రాశారు, 1978. స్టార్ వార్స్ మొదటి సినిమాకి కొనసాగింపు. మీకు ఎక్కడ దొరికిందండీ?

ఇంజినీరు: చర్చ్ స్ట్రీట్‌లో, పాత పుస్తకాల అరలో. అట్ట ఊడొచ్చేసిన కాపీ. చదువుతున్నంతసేపూ ఒకటే అనుమానం, ఇంత పొగమంచేంటని! మింబన్ అనే గ్రహం. ఎటు చూసినా బురదే. అంతరిక్ష యుద్ధం ఊసే లేదు.

అనువాదకురాలు: ఆ పొగమంచంతా ఖర్చు లెక్కండీ. 1977 సినిమా పెద్దగా ఆడకపోతే తక్కువ బడ్జెట్‌లో రెండోది తీద్దామని దర్శకుడు జార్జ్ లూకస్ ఆలోచన. దానికి పనికొచ్చేలా రాయమన్నారు. మంచు కమ్మేస్తే సెట్లు ఎక్కువ వెయ్యక్కర్లేదు కదా. ఫోస్టర్ మొదట్లో ఒక అంతరిక్ష పోరాటం పెడితే తీసేయించారు. మొదటి సినిమాలో ఉన్న హాన్ సోలో కూడా కనపడడు, చూశారా? ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ అప్పటికి రెండో సినిమాకి సంతకం చెయ్యలేదు.

సంధానకర్త: నిర్మాత జేబు చూసుకుని రాసిన నవలన్నమాట!

అనువాదకురాలు: అయినా బావుంది. గని కార్మికుల ఊళ్లో హీరో లూక్, రాకుమారి లేయా మారువేషాల్లో తిరుగుతారు. మాటామాటా పెరిగి ఇద్దరూ బురదలో పడి కొట్టుకుంటారు. రాకుమారిని అలా సినిమాలో ఎక్కడ చూశాం? చివర్లో లూక్ కంటే ముందు లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి పట్టుకుని విలన్ డార్త్ వేడర్ మీదికి వెళ్లేదీ ఆమే.

ఇంజినీరు: అదంతా సరే మేడమ్, లూక్ ఆమెని చూసే చూపు సంగతేంటి? 1983 సినిమాలో వాళ్లిద్దరూ కవలలని తేలుతుంది! అది తెలిసి చదవాలంటే... (నవ్వులు) పైగా 2014లో స్టార్ వార్స్ తీసే లూకస్‌ఫిల్మ్ సంస్థ ఇలాంటి పాత నవలలకి 'లెజెండ్స్' అని ముద్ర వేసి పక్కన పెట్టింది. లెక్కలోకి రాని కథ ఎందుకు చదవాలి?

అనువాదకురాలు: శశిరేఖ పెళ్లి వ్యాసభారతంలో ఉందా? 1957 నుంచీ 'మాయాబజార్' చూస్తూనే ఉన్నాం. ఇది లెక్కలోకి రాదని ఎవరైనా లేచి వెళ్లిపోయారా?

ఇంజినీరు: ఆ పోలిక కుదరదండీ. మాయాబజార్‌కి కురుక్షేత్రం అడ్డు రాదు. ఇక్కడ తర్వాతి సినిమాలే ఈ కథని కొట్టేశాయి.

అనువాదకురాలు: నా ఆసక్తంతా అక్కడే. రెండు సినిమాల మధ్య ఖాళీ పూడ్చే నవలల్లో ముఖ్యమైన వాళ్లెవరూ చావరని ముందే తెలుసు, టెన్షన్ ఉండదు. తర్వాతి సినిమాల్లో వేడర్ లూక్ తండ్రని తేలుతుంది, అది ఫోస్టర్‌కి తెలీదు. అందుకే ఏ మొహమాటమూ లేకుండా లూక్ చేత అతగాడి చెయ్యి నరికించి, గోతిలో పడేస్తాడు.

సంధానకర్త: కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టొచ్చా?

ఇంజినీరు: వద్దండీ. తిమోతీ జాన్ 1991లో రాసిన స్టార్ వార్స్ నవల 'ఎయిర్ టు ది ఎంపైర్' చదవమంటాను. అందులో విలన్ త్రాన్, శత్రుజాతుల చిత్రాలూ శిల్పాలూ చూసి ఎత్తులు వేస్తాడు. అదీ బుర్రంటే!

అనువాదకురాలు: అది మూడు భాగాలు బాబూ. ఇదైతే శని, ఆదివారాల్లో అయిపోతుంది.