మిల్లు ఆఫీసు నుంచి క్లౌడ్ సర్వర్‌కు ఏ టన్నెల్ మంచిది? వైర్‌గార్డ్, ఐపీసెక్ రివ్యూ

అందరికి నమస్తే. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసుల నాలుగు కంప్యూటర్లు, ట్యాలీ సర్వర్ ఏమో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌ల. నడుమ ఏ టన్నెల్ పెట్టాలె?

టన్నెల్ అంటేనే సెక్యూరిటీ అనుకునేరు, కాదు. ఒక ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌ల పెట్టి పంపుడే టన్నెల్. జీఆర్‌ఈ, వీఎక్స్‌లాన్ అనే టన్నెల్ రకాలు గంతే చేస్తయి, తాళం (ఎన్‌క్రిప్షన్) వెయ్యయి. నడుమ ఎవరన్న పట్టుకుంటె సాఫ్‌గ చదువుకోవచ్చు. పాత రౌటర్లల్ల పీపీటీపీ (పాత రకం వీపీఎన్) ఆప్షన్ కనపడితె ముట్టకుండ్రి, దాని లాగిన్ పద్ధతి 2012లనే బద్దలైంది.

ఐపీసెక్ అంటే ప్యాకెట్లకు తాళమేసి పంపే పద్ధతి, గట్టిదే. క్లౌడ్ కంపెనీల రెడీమేడ్ గేట్‌వేలు ఎక్కువ దీనితోనే నడుస్తయి. ఫైర్‌వాల్‌ల యూడీపీ 500, 4500 పోర్టులు తెరవాలె. రెండు దిక్కుల ఎన్‌క్రిప్షన్, హ్యాష్, డీహెచ్ గ్రూప్ (కీ కుదుర్చుకునే సెట్టింగ్) ఒకటే ఉండాలె, ఒక్కటి తప్పినా టన్నెల్ లేవది. గేట్‌వేకు గంటల లెక్కన బిల్లు. నాలుగు కంప్యూటర్లకు ఇది పెట్టుడంటే ఎడ్లబండి సామానుకు లారీ మాట్లాడినట్టే.

చిన్న ఆఫీసుకు నా ఓటు వైర్‌గార్డ్‌కే, ఇది సుత తాళమేసే టన్నెలే. 2020ల లినక్స్ 5.6 కర్నెల్‌లనే కలిపిండ్రు. సర్వర్‌ల యూడీపీ 51820 తెరిస్తె చాలు. మన కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ ఉండకపోతె ఆఫీసు దిక్కు నుంచే మొదలుపెట్టాలె, పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (లైన్ తెగకుండ పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెట్టుండ్రి.

ఇగ అసలు తిప్పలు ఎంటీయూ, అంటే లైన్‌ల ఒక్కసారికి పట్టే ప్యాకెట్ గరిష్ట సైజు. పింగ్ మంచిగ పోతది, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం లాగిన్ కాంగనే నిలబడిపోతది. ఎందుకంటే చిన్న ప్యాకెట్ పడ్తది, పెద్దది పట్టది. వైర్‌గార్డ్ ఐపీవీ4 మీద 60, ఐపీవీ6 మీద 80 బైట్లు కలుపుతది. 1500 బైట్ల లైన్‌కు లెక్కగట్టి ఎంటీయూ 1420 పెడ్తది. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోని కలిసే) ఫైబర్ లైన్ 1492యే, ఐపీవీ6 మీద పోతె 1412కు దించాలె. చూసుకునేటందుకు టన్నెల్‌ల నుంచి డోంట్ ఫ్రాగ్మెంట్ పెట్టి 1384 బైట్ల పింగ్ కొట్టుండ్రి, 28 హెడర్ కలిస్తె సరిగ్గ 1412. మొబైల్ నెట్ మీద ఇంకా ఆగుతుంటె 1280 పెట్టి చూడుండ్రి.

అలౌడ్ ఐపీస్‌ల (టన్నెల్‌లకెల్లి పోయే అడ్రసుల లిస్టు) 0.0.0.0/0, అంటే అన్ని అడ్రసులు, రాస్తె ఆఫీసుల చూసే యూట్యూబ్ సుత క్లౌడ్ తిరిగి వస్తది, డాటా బిల్లు మీకే. సర్వర్ సబ్‌నెట్ (దాని నెట్‌వర్క్ అడ్రసుల గుంపు) ఒక్కటే రాయుండ్రి, అది ఆఫీసు 192.168.1.0తోని కలవద్దు. ఒకటే కీ రెండు కంప్యూటర్లకు వేస్తె సర్వర్ ఆఖరుగ మాట్లాడినదాని దిక్కే పంపుతది, రెండూ తెగుకుంట అతుక్కుంట ఉంటయి. కంప్యూటర్‌కో కీ, మనిషి పని మానేస్తె ఆ పీర్ (సర్వర్‌ల ఆ కంప్యూటర్ ఎంట్రీ) తీసేసుడే. టన్నెల్ వచ్చినంక 3389 (రిమోట్ డెస్క్‌టాప్) పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు మూసి, టన్నెల్ ఐపీలకే వదలాలె. చానమంది మరిచేది గిదే.

యూడీపీనే ఆపే నెట్‌వర్క్ అయితె వైర్‌గార్డ్ నడవది. అక్కడ ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో టన్నెల్‌ను టీసీపీ 443 పోర్ట్ మీద పెట్టుకోండ్రి, స్పీడ్ మాత్రం తగ్గుతది.