కుక్కలు ఎంబడి పడితే కిడ్నీ మీది గ్రంథి ఏం చేస్తుంది?

[దృశ్యం: రాత్రి. కాజీపేట నుంచి హన్మకొండ రోడ్డు. బైక్ లైటు వెలుగులో మూడు కుక్కలు.]

నమస్తే. రాత్రి 11 దాటాక కాజీపేట స్టేషన్‌లో దిగి, బండి మీద హన్మకొండకు వచ్చినవాళ్లకు ఈ సీన్ బాగా తెలుసు. మలుపులో కుక్కలు ఎంబడి పడతాయి. మనం ఆలోచించేలోపే కాళ్లు పైకి లేస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే చేతులింకా వణుకుతుంటాయి.

నరాలు మొదలుపెట్టిన ఈ హడావుడిని అందుకుని ఒళ్లంతా చాటింపు వేసేవి అడ్రినల్ గ్రంథులు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు వీటిని అధివృక్క గ్రంథులని చదువుకున్నారు. వృక్కం అంటే కిడ్నీ. దాని మీద ఉంటుంది కాబట్టి అధివృక్కం. పేరులోనే అడ్రస్ ఉంది.

[యానిమేషన్: రెండు కిడ్నీలు. కుడివైపు మూడు మూలల టోపీ, ఎడమవైపు నెలవంక.]

ఒక్కోటి 4, 5 గ్రాములు. ఇంచుమించు రెండు రూపాయల బిళ్ల బరువు. అడ్డంగా కోస్తే బయట పసుపు పచ్చని పొర, లోపల ముదురు రంగు దవ్వ. చూడ్డానికి ఒకటే గ్రంథి గానీ లోపల రెండు దుకాణాలు. వాటి తేడా తెలియాలంటే పొద్దున్నే టిఫిన్ సెంటర్‌కు పోవాలి. ఇడ్లీ అడగ్గానే ప్లేట్లో పడుతుంది, ముందే వండి ఉంటుంది కాబట్టి. దోశకు మాత్రం ఆర్డర్ ఇచ్చి నిలబడాలి.

లోపలి దవ్వది ఇడ్లీ పద్ధతి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అడ్రినలిన్ తయారుచేసి, చిన్న చిన్న సంచుల్లో నింపి ఉంచుతుంది. వెన్నుపాము నుంచి వచ్చే నరం కబురు చెప్పిన క్షణంలో సంచులు రక్తంలోకి ఖాళీ అవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి వదులుతుంది. రక్తంలో పడిన అడ్రినలిన్ 2, 3 నిమిషాల్లోనే సగానికి సగం తగ్గిపోతుంది. అన్నట్టు, తరిమే కుక్కకూ ఇవే గ్రంథులున్నాయి. దాని గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది.

[యానిమేషన్: పసుపు పొర దగ్గరగా.]

బయటి పొరది దోశ పద్ధతి. దీని ముడిసరుకు మనం పేరు వింటేనే టెన్షన్ పడే కొలెస్ట్రాల్. ఆ పసుపు రంగు ఇలాంటి కొవ్వుల వల్లే. ఇక్కడ తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్లు కణం గోడలోంచి జారిపోతాయి, నిల్వ పెట్టడం కుదరదు. అందుకే ఆర్డర్ రావాలి. మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపుతుంది, అప్పుడు కార్టిసాల్ తయారవుతుంది. అది పతాక స్థాయికి చేరేసరికి 20, 30 నిమిషాలు పడుతుంది. అంటే మీరు అన్నం ముందు కూర్చుని కుక్కల కథ చెబుతున్నప్పుడన్నమాట. కార్టిసాల్ కొత్తగా చక్కెర తయారు చేయిస్తుంది, బీపీ పడిపోకుండా చూస్తుంది, వాపును అణుస్తుంది. దవ్వలో అడ్రినలిన్ తయారవ్వాలన్నా పై పొర నుంచి దిగే కార్టిసాల్ సాయం కావాలి.

పై అంచున తయారయ్యే ఆల్డోస్టిరాన్ ఉప్పు లెక్క చూస్తుంది. రామగుండంలో మే నెల ఎండకు చొక్కా మీద ఉప్పు చారలు కడతాయి కదా. అప్పుడు ఇది మూత్రంలోంచి, చెమటలోంచి కూడా సోడియాన్ని వెనక్కి లాగుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. దీనికి ఆర్డర్ ఎక్కువగా కిడ్నీ నుంచే వస్తుంది. ఈ పసుపు పొరలోనే అన్నిటికంటే లోపలి వరసలో కొద్దిగా ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్ల రకానివి, తయారవుతాయి.

[దృశ్యం: పల్లె ఇల్లు, అరుగు మీద మందు పొట్లం.]

ఇక అసలు సంగతి. మా నాయనమ్మది నర్సంపేట వైపు. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని గోళీలు నెలల తరబడి వేసుకుంది. నొప్పి మాయం. ముఖం గుండ్రంగా నిండితే "ఒళ్లు చేసిందిలే" అని మురిసిపోయాం. పెద్ద డాక్టర్ చూసి, అది స్టెరాయిడ్, అంటే కార్టిసాల్ లాగే పనిచేసే మందు అన్నారు.

స్టెరాయిడ్ చెడ్డ మందేం కాదు. ఈ పసుపు పొర హార్మోన్ల మీద పరిశోధనలకు 1950లో నోబెల్ ఇచ్చారు. కీళ్లవాతానికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుందని చూపడం వాటిలో ఒకటి. చిక్కు ఎక్కడంటే, గోళీని చూసి మెదడు "కార్టిసాల్ ఉందిలే" అనుకుంటుంది, ఆర్డర్లు ఆపేస్తుంది. పని లేని పొర కుంచించుకుపోతుంది. వారాల తరబడి వాడి ఒక్కసారి మానేస్తే బయటి సరుకూ లేదు, లోపల తయారీ లేదు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. ఆ సమయంలో జ్వరమో ఆపరేషనో వస్తే ప్రాణం మీదికే రావచ్చు.

అందుకే డాక్టర్ నాయనమ్మ గోళీని ఒక్కసారి ఆపలేదు, మోతాదును మెల్లమెల్లగా తగ్గించారు. మధ్యలో ఒకరోజు పొద్దున 8 గంటలకు రక్తం ఇవ్వమన్నారు, ఆనాటి గోళీ వేసుకోకముందే.

"గంత పొద్దుగాల ఎందుకురా, పగటికి ఇస్తే రక్తం మారుతదా?" అంది నాయనమ్మ, ఫస్ట్ బస్సులో.

మారుతుంది. కార్టిసాల్ పొద్దున ఎక్కువ, అర్ధరాత్రి తక్కువ. గ్రంథి నిద్ర లేచిందో లేదో చూడాలంటే అది లేవాల్సిన వేళకే పోయి తలుపు కొట్టాలి.