వోచర్ చేతికొచ్చాకే అసలు కష్టం: అమెరికా హౌసింగ్ ఏజెన్సీల సెక్షన్ 8 లెక్కలు

తెరపై: న్యూయార్క్ నగరం, 2024 జూన్ 3 నుంచి 9 వరకు

సెక్షన్ 8 వోచర్ అంటే పేద కుటుంబం ప్రైవేటు ఇంట్లో అద్దెకు ఉంటే ఆ అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం. ఆ వోచర్ల కోసం దాదాపు పదిహేనేళ్లుగా మూసి ఉంచిన వెయిటింగ్ లిస్టును న్యూయార్క్ సిటీ హౌసింగ్ అథారిటీ ఆ వారం తెరిచింది. వారం తిరిగేసరికి 6 లక్షల 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లాటరీ తీసి 2 లక్షల పేర్లు జాబితాలో పెట్టారు. మిగతా నాలుగు లక్షల పైచిలుకు దరఖాస్తులకు జాబితాలో కూడా చోటు లేదు. చోటు దొరికినవాళ్లకైనా వోచర్ అప్పటికప్పుడు రాదు. వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

ప్రభుత్వం ఇంకొన్ని వోచర్లు ఇవ్వొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇవ్వాల్సిందే. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒకదానికే అద్దె సాయం అందుతున్న దేశం అది. అయితే ఇచ్చిన వోచర్లలో కూడా చాలా భాగం వాడకుండానే గడువు తీరిపోతున్నాయి. 2000 నాటి అధ్యయనంలో వంద మందిలో 69 మందికి ఇల్లు దొరికితే, 2019 లెక్కల్లో అది 61కి పడిపోయింది. ఏళ్ల తరబడి ఆగి వోచర్ తెచ్చుకున్న కుటుంబం ఉత్త చేతులతో వెనక్కి రావడం చాలా బాధాకరం. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే వోచర్ ఇచ్చే ఏజెన్సీ వైపు నుంచి చూడాలి.

తెరపై: ఎవరు ఏం చేస్తారు

డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది. గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ, అంటే హడ్, ఆ డబ్బును దాదాపు 2,100 స్థానిక పబ్లిక్ హౌసింగ్ ఏజెన్సీలకు పంపుతుంది. వాటి ద్వారా సుమారు 23 లక్షల కుటుంబాలు అద్దె సాయం పొందుతున్నాయి. ఈ పద్ధతికి పునాది 1937 గృహనిర్మాణ చట్టానికి 1974లో చేర్చిన సెక్షన్ 8. ఇప్పుడున్న హౌసింగ్ చాయిస్ వోచర్ రూపం 1998 చట్టంతో వచ్చింది. కొత్తగా చేర్చుకునే కుటుంబాల్లో 75 శాతం అత్యంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే కావాలని నిబంధన. తెలుగు ప్రేక్షకులు తరచూ అడిగే మాట ఒకటి: హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారికి ఇందులో అర్హత లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఉంటుంది.

మన దగ్గర తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ పథకంలో ప్రభుత్వమే ఇల్లు కట్టి ఇచ్చింది. ఇక్కడ ఏజెన్సీ చేతిలో ఇల్లు ఉండదు. కుటుంబమే బజారులో ప్రైవేటు ఓనర్‌ని వెతుక్కోవాలి, ఓనర్ ఒప్పుకోవాలి, ఇల్లు తనిఖీలో పాస్ కావాలి, అద్దె లెక్క కుదరాలి. ఈ నాలుగింటిలో మొదటి రెండు ఏజెన్సీ చేతిలో లేనే లేవు.

తెరపై: ఒక కుటుంబం లెక్క

ఉదాహరణకు ఒక కుటుంబం తీసుకుందాం. మినహాయింపులు పోగా వాళ్ల నెల ఆదాయం 1,800 డాలర్లు. అందులో 30 శాతం, అంటే 540 డాలర్లు వాళ్ల వాటా. ఆ ప్రాంతంలో రెండు బెడ్‌రూమ్‌లకు ఏజెన్సీ పెట్టుకున్న పేమెంట్ స్టాండర్డ్, అంటే సాయం లెక్కకు తీసుకునే గరిష్ఠ అద్దె, బిల్లులతో కలిపి 1,700 అనుకుందాం. ఈ అంకె ఏజెన్సీ ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు. మామూలుగా హడ్ ఏటా ప్రకటించే ఫెయిర్ మార్కెట్ రెంట్‌లో 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. ఫెయిర్ మార్కెట్ రెంట్ అంటే, ఈమధ్య ఇల్లు మారినవాళ్లు కట్టే అద్దెల్ని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే వందలో నలభయ్యో చోట వచ్చే అద్దె.

కుటుంబానికి 1,750 డాలర్ల ఇల్లు నచ్చింది. యాభై డాలర్లే కదా ఎక్కువ, సర్దుకోవచ్చు అనుకుంటారు. కానీ కరెంటు, గ్యాస్ బిల్లు అద్దెదారే కట్టాలని ప్రకటనలో ఉంది. ఏజెన్సీ పట్టిక ప్రకారం ఆ బిల్లులకు 150 డాలర్లు కలపాలి. మొత్తం 1,900. ఏజెన్సీ ఇచ్చేది 1,700లో 540 తీసేస్తే 1,160. మిగిలిన 740 కుటుంబం కట్టాలి. కొత్తగా లీజు రాసేటప్పుడు, మొత్తం అద్దె పేమెంట్ స్టాండర్డ్ దాటితే, కుటుంబం వాటా ఆదాయంలో 40 శాతం మించకూడదు. ఇక్కడ 40 శాతం అంటే 720. ఇరవై డాలర్ల తేడాతో ఆ ఇల్లు చేజారిపోతుంది. ఓనర్ ఇరవై తగ్గిస్తే సరిపోతుంది. తగ్గించకుండా, "ఆ ఇరవై నా చేతికి వేరే ఇచ్చేయండి" అంటే అది నిబంధనల ఉల్లంఘన. దొరికితే కుటుంబం వోచర్ కూడా పోవచ్చు.

ఈ లెక్క వోచర్ ఇచ్చే రోజు బ్రీఫింగ్‌లోనే, ఆ కుటుంబం అంకెలతో, కాగితం మీద రాసి ఇవ్వాలి. బిల్లులు అద్దెలో కలిసి ఉంటే గరిష్ఠం ఇంత, విడిగా ఉంటే ఇంత అని రెండు అంకెలు చాలు. "మీ పేమెంట్ స్టాండర్డ్ 1,700" అని ఒక్క అంకె చెప్పి పంపితే, కుదరని ఇళ్ల చుట్టూ తిరుగుతూనే వాళ్ల గడువు అయిపోతుంది. ఆ గడువు కనీసం 60 రోజులు ఉండాలి. పొడిగింపు చాలావరకు ఏజెన్సీ విచక్షణ. అంగవైకల్యం ఉన్నవారు అవసరాన్ని బట్టి కోరితే మాత్రం ఇవ్వాల్సి ఉంటుంది.

తెరపై: ఓనర్ ఎందుకు వద్దంటాడు

2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఐదు నగరాల్లో ఓనర్లకు ఫోన్లు చేసి పరీక్షించింది. వోచర్ తీసుకోం అన్నవాళ్లు ఫోర్ట్‌వర్త్‌లో 78 శాతం, లాస్ ఏంజెలెస్‌లో 76, ఫిలడెల్ఫియాలో 67, న్యూవార్క్‌లో 31, వాషింగ్టన్ డీసీలో 15. వోచర్ ఉందన్న కారణంతో కాదనకూడదని చివరి మూడు నగరాల్లో అప్పటికే చట్టం ఉంది. అయినా ఫిలడెల్ఫియాలో 67. చట్టం రాసి ఉంచడం ఒకటి, దాన్ని అమలు చేయడం ఇంకొకటి. టెక్సాస్‌లో పరిస్థితి ఇంకా వేరు. నగరాలు ఇలాంటి చట్టం చేసుకోకుండా 2015లో రాష్ట్రమే అడ్డుకట్ట వేసింది. మాజీ సైనికులకు మాత్రం మినహాయింపు ఉంది.

టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఒకటో రెండో ఇళ్లు కొని అద్దెకిస్తున్న తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లు ఇది కాస్త శ్రద్ధగా వినాలి. న్యూజెర్సీలో వోచర్ ఉందని కాదనడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో 2020 నుంచి అంతే. చట్టం మాట పక్కన పెట్టినా, ఏజెన్సీ వాటా నెల మొదట్లో నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అద్దెదారు ఉద్యోగం పోతే, ఆదాయం తగ్గిందని తెలియజేశాక ఏజెన్సీ వాటా పెరుగుతుంది. అద్దెదారు పాత అద్దె చరిత్ర చూసుకునే హక్కు ఓనర్‌కి అలాగే ఉంటుంది. వోచర్ లేని అద్దెదారులను ఎలా పరిశీలిస్తారో వీళ్లనూ అలాగే పరిశీలించాలి.

ఓనర్ల అసలు ఫిర్యాదు అద్దె గురించి కాదు, ఆలస్యం గురించి. మామూలు అద్దెదారు శనివారం ఇల్లు చూసి సోమవారం సంతకం పెడతాడు. వోచర్ ఉన్న కుటుంబం అయితే ఓనర్ ముందు టెనెన్సీ ఆమోద ఫారం నింపాలి. చుట్టుపక్కల వోచర్ లేని ఇళ్ల అద్దెలతో పోల్చి ఈ అద్దె సబబేనని ఏజెన్సీ తేల్చాలి. ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్. 1,250 వోచర్లలోపు ఉన్న ఏజెన్సీ 15 రోజుల్లో ఈ తనిఖీ ముగించాలి. ఫెయిలైతే మరమ్మతు, మళ్లీ తనిఖీ. మామూలుగా ఆ తర్వాతే లీజు, దాంతోపాటు ఓనర్‌కీ ఏజెన్సీకీ మధ్య అద్దె సాయం చెల్లింపు కాంట్రాక్టు (హెచ్ఏపీ). అలాంటప్పుడు ఇల్లు పాసైన తేదీకి ముందు రోజులకు ఏజెన్సీ ఒక్క డాలర్ కూడా ఇవ్వదు. ఇల్లు నెల రోజులు ఖాళీగా ఉంటే ఆ నష్టం ఓనర్‌దే.

తనిఖీలో ఫెయిలయ్యేవి చాలావరకు చిన్నచిన్న విషయాలే. పొగ అలారం పనిచేయదు. కిచెన్ సింకు దగ్గర ప్లగ్‌కి షాక్ కొట్టకుండా ఆపే రక్షణ ఉండదు. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. వాటర్ హీటర్ మీది ప్రెషర్ వాల్వ్‌కు కిందికి దిగే పైపు బిగించరు. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడిన పెయింటు ఉండి, ఆరేళ్లలోపు పిల్లలున్న కుటుంబం వస్తుంటే మాత్రం అది చిన్న విషయం కాదు, సీసం విషం ప్రమాదం. ముందుగానే ఒక పేజీ చెక్‌లిస్టు ఓనర్‌కి పంపితే ఈ ఫెయిల్స్‌లో చాలావరకు జరగవు. ప్రాణాపాయం లేని లోపాలు ఉంటే కుటుంబాన్ని చేర్చి, అద్దె మొదలుపెట్టి, 30 రోజుల్లో బాగుచేయించుకునే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. దాన్ని వాడుకోవాలంటే ఏజెన్సీ ముందుగా తన పాలసీలో రాసుకోవాలి. ప్రాణాపాయం ఉన్నవాటికి మాత్రం, కుటుంబం అప్పటికే ఆ ఇంట్లో ఉంటే, గడువు 24 గంటలే.

తెరపై: రెండు హద్దుల మధ్య

ఇప్పుడు అసలు చిక్కు. ప్రతి ఏజెన్సీకి రెండు హద్దులు ఉంటాయి. ఇన్ని వోచర్లు అనేది ఒకటి, ఇన్ని డాలర్లు అనేది మరొకటి. ఏడాది మొత్తం మీద ఏది దాటినా తప్పే. తక్కువ వాడినా దెబ్బే, ఎందుకంటే వచ్చే ఏడాది నిధి ఈ ఏడాది ఖర్చు మీద, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో లెక్కిస్తారు. మిగులు బాగా పేరుకుంటే దాన్ని నిధిలోంచి కోసుకునే ప్రమాదమూ ఉంది.

ఊహా ఏజెన్సీ ఒకటి తీసుకుందాం. 1,000 వోచర్ల అనుమతి, ఏడాదికి కోటీ 10 లక్షల డాలర్లు. ఇప్పుడు 960 కుటుంబాలు లీజులో ఉన్నాయి, సగటున ఒక్కో కుటుంబానికి నెలకు 950 డాలర్లు. ఏడాదికి 1,09,44,000. బడ్జెట్ దాదాపు అంతా అయిపోయింది. చూడటానికి 40 వోచర్లు ఖాళీగా ఉన్నాయి, నిజానికి వాటికి సరిపడా డబ్బు లేదు. "వోచర్లు ఉండీ ఇవ్వడం లేదు" అని కౌన్సిల్ సమావేశాల్లో నిలదీసేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. ఇక అద్దెలు పెరిగి సగటు 990 అయితే? ఖర్చు 1,14,04,800. బడ్జెట్ కంటే 4,04,800 ఎక్కువ. అంటే 34 కుటుంబాల ఏడాది సాయం. నెలకు 40 డాలర్ల తేడా చేసే పని అది.

మరోవైపు నెలనెలా ఎనిమిది కుటుంబాలు ప్రోగ్రామ్ నుంచి వెళ్లిపోతున్నాయి అనుకుందాం. వాటి స్థానం నింపాలంటే ఎనిమిది వోచర్లు ఇస్తే చాలదు. వందలో అరవై మందికే ఇల్లు దొరికేటప్పుడు పదమూడు, పద్నాలుగు ఇవ్వాలి. అవి లీజుగా మారడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే జనవరిలో తీసుకున్న నిర్ణయం ఖర్చులో కనిపించేది ఏప్రిల్‌లో. ఈలోగా ఆ ఏడాది బడ్జెట్టే ఖరారు కాకపోవచ్చు. 2024కు సంబంధించిన కేటాయింపులను కాంగ్రెస్ మార్చిలో ఆమోదించింది. ఈ లెక్కల కోసం హడ్ రెండేళ్ల అంచనా వేసే ఎక్సెల్ షీట్ ఇస్తుంది. దాన్ని నెలనెలా కొత్త అంకెలతో నింపే ఏజెన్సీకీ, ఏడాదికోసారి తెరిచే ఏజెన్సీకీ తేడా అక్టోబర్ నాటికి బయటపడుతుంది.

అంచనా తప్పితే ఏమవుతుందో న్యూయార్క్ 2009 డిసెంబర్‌లో చూసింది. డబ్బు సరిపోక, చేతికి ఇచ్చేసిన 2,500కు పైగా వోచర్లను రద్దు చేసింది. ఇల్లు వెతుక్కుంటున్న కుటుంబాలు వెతుకులాట మధ్యలో ఆగిపోయాయి.

తెరపై: ఆఫీసు ఖర్చు ఎవరిస్తారు

సిబ్బంది జీతాలకు హడ్ ఇచ్చేది అడ్మిన్ ఫీజు. నెల మొదటి తేదీన లీజులో ఉన్న వోచర్‌కే ఆ ఫీజు వస్తుంది. వోచర్ ఇచ్చినందుకు కాదు, బ్రీఫింగ్ పెట్టినందుకు కాదు, మూడుసార్లు ఇన్‌స్పెక్టర్‌ను పంపినందుకు కాదు. ఇల్లు దొరకని కుటుంబం మీద పెట్టిన శ్రమకు రాబడి సున్నా. మొదటి 600 వోచర్లకు ఒక రేటు, ఆపై వాటికి తక్కువ రేటు. దానిలోనూ కాంగ్రెస్ ఇచ్చిన డబ్బు చాలక కోత పడుతూ ఉంటుంది. మా అభిప్రాయంలో ఈ వ్యవస్థలో అతి పెద్ద లోపం ఇదే: ఎక్కడ సాయం ఎక్కువ కావాలో అక్కడ ఫీజు రాదు. ఓనర్లకు ప్రోత్సాహకం, సెక్యూరిటీ డిపాజిట్ సాయం, ఇల్లు వెతికిపెట్టే సిబ్బంది వంటి వాటికి ఇదే ఫీజులోంచి ఖర్చు పెట్టవచ్చని 2022లో హడ్ చెప్పింది. అనుమతి మంచిదే. డబ్బు మాత్రం అదే డబ్బు.

కుటుంబం వోచర్‌తో సహా వేరే ఊరికి మారడాన్ని పోర్టబిలిటీ అంటారు. కొత్త ఊరి ఏజెన్సీ ఆ కుటుంబాన్ని తన ఖాతాలోకి తీసుకోవచ్చు, లేదా పాత ఏజెన్సీకి బిల్లు పంపవచ్చు. బిల్లు పంపితే ఖరీదైన నగరపు అద్దె చిన్న ఊరి బడ్జెట్‌లోంచి పోతుంది, ఫీజులోనూ పెద్ద వాటా వదులుకోవాలి.

తెరపై: ఎమర్జెన్సీ హౌసింగ్ వోచర్లు

2021లో కోవిడ్ సాయం చట్టం కింద 500 కోట్ల డాలర్లతో 70,000 ప్రత్యేక వోచర్లు ఇచ్చారు. ఇల్లు లేనివారు, గృహహింస నుంచి బయటపడినవారు వాటితో ఇళ్లలో చేరారు. అద్దెలు పెరిగి ఆ నిధి అనుకున్నదానికంటే ముందే కరిగిపోయింది. ఇదే ఆఖరి విడత అని 2025 మార్చిలో హడ్ ఏజెన్సీలకు తెలియజేసింది. ఈ కుటుంబాలను మామూలు వోచర్లలోకి మార్చుకోవడం ఒక దారి. దానికి ఏజెన్సీ తన అడ్మినిస్ట్రేటివ్ ప్లాన్‌లో, అంటే తన సొంత నిబంధనల పత్రంలో, వాళ్లకు ప్రాధాన్యం రాసుకోవాలి, ఖాళీ అయ్యే ప్రతి వోచర్‌ను వాళ్లకే కేటాయించాలి. పైన చెప్పిన ఊహా ఏజెన్సీలో ఇలాంటివి 30 ఉంటే, నెలకు ఎనిమిది చొప్పున మార్చడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది.

ఆ నెలల్లో వెయిటింగ్ లిస్టులోని వాళ్లకు పిలుపు రాదు, కానీ జాబితాను సరిచూసే ఉత్తరాలు మాత్రం వస్తాయి. చిరునామా, ఫోన్, ఈమెయిల్ మారితే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రసీదు ఉంచుకోవాలి. ఉత్తరానికి గడువులోపు జవాబు రాకపోతే పేరు తీసేస్తారు.