సుగ్గికి వెళ్లిన ఇళ్లలో మిగిలిన పిల్లలు

ఉపాధ్యాయ మిత్రులకు, సర్పంచులకు, అంగన్‌వాడీ అక్కలకు నమస్కారం.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో దసరా దాటితే ఊళ్లు సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, కదులుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. ముందు పత్తి తీత, తరువాత గుంటూరు వైపు మిరప కోత. తల్లిదండ్రుల వెంట వెళ్లి మిరప చేలలో వంగి పనిచేసే పిల్లల ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. వాళ్ల వెంట వెళ్లకుండా ఊళ్లోనే మిగిలిన పిల్లల గురించి మాట్లాడాలని నేను వచ్చాను.

చదువు చెడిపోకూడదనే వలస వెళ్లే తల్లి బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్తుంది. ఆమె ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ అవ్వకు చూపు ఆనదు, నడుము వంగదు. నీళ్లు తేవడం, వంట, తమ్ముడి ఆలన, మేకలు అన్నీ పదేళ్ల ఆడపిల్ల మీద పడతాయి. కూలి ముట్టదు కాబట్టి దాన్ని ఎవరూ పని అనరు. రిజిస్టరులో పేరు మాత్రం ఉంటుంది. కొట్లో అప్పు పెరిగాక ఆ పిల్లే కూలికి వెళ్తుంది.

కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో ఆ కూలి చాలాసార్లు విత్తనం కోసం పత్తి పండించే చేలలో దొరుకుతుంది. హైబ్రిడ్ విత్తనం చేత్తో తయారు కావాలి. సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేస్తారు, మరునాడు ఉదయం మగ పువ్వు తెచ్చి రుద్దుతారు. పూత ఉన్నన్నాళ్లూ రెండు పూటలా ఇదే పని. పిల్లల వేళ్లయితే మొగ్గ నలగదని పెద్దలే అంటుంటారు. పెద్దవాళ్ల వేళ్లకూ ఆ పని వస్తుంది. వాళ్లకు కూలి ఎక్కువ ఇవ్వాలి, అంతే తేడా. విత్తనానికి కంపెనీ కట్టే ధరలో పెద్దల కూలి లెక్కకు రానంతకాలం రైతు పిల్లల వైపే చూస్తాడు.

చట్టం సంగతి. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషిద్ధమైంది. అయితే బడి వేళల తరువాత, సెలవుల్లో కుటుంబానికి సాయపడవచ్చని, ఆ పని ప్రమాదకరమైనది కాకూడదని ఒక మినహాయింపు ఇచ్చారు. కుటుంబం అంటే ఎవరో కూడా అందులోనే రాశారు: తల్లి, తండ్రి, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. వలస వెళ్లేవాళ్లు పిల్లలను అవ్వ దగ్గర కాకపోతే వదిలేది బాబాయి, మేనమామ, పెద్దమ్మ ఇళ్లలోనే కదా! మేనమామ చేలో పని కుటుంబ సాయం అయిపోతుంది. బడి వేళలు దాటిందో లేదో చూసే తల్లి వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఈ మినహాయింపు నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికురాలే, బాల కార్మికుడే అన్న నిర్వచనంతో శాంతా సిన్హా గారి స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసింది. మనమూ ఆ కొలతే పెట్టుకుందాం.

వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అవి తల్లిదండ్రుల బండి కదలకముందే తెరవాలి, నెల తరువాత తెరిస్తే పిల్ల అప్పటికే పనిలో కుదిరి ఉంటుంది. అందుకని దసరాకు ముందే గ్రామసభ పెట్టి, ఏ ఇంటివాళ్లు వెళ్తున్నారో, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో జాబితా రాసి మండల విద్యాధికారికి ఇవ్వండి. వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఉపాధ్యాయులు వెళ్లాలి. చేలో కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

గ్రామసభ తేదీ ఈ సమావేశంలోనే ఖరారు చేసుకుందాం. సర్పంచులు ముందుగా చెప్పండి.