అర్ధరాత్రి దాటాక కూడా మోగాలి

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో ఒక ఊరు. శ్రీరామనవమి పందిరి. రాత్రి ఒంటిగంటన్నర అయింది. పాట మొదటి చరణంలో ఉంది. నా చేతిలో పాట అడుగున మంద్రస్వరం పలికే బేస్ గిటారు. దాని గొంతు ముందు కాస్త బొంగురుపోయింది. తర్వాత చిరిగిన డప్పులా పర్రుమంది. రెండు వరసలు గడిచేలోపే పూర్తిగా మూగబోయింది. వేళ్లు ఆడుతున్నాయి, తీగలు వణుకుతున్నాయి, బాక్సుల్లోంచి మాత్రం ఏమీ రావడం లేదు.

జనంలో ఎవరూ నావైపు చూడలేదు. ఆగింది బేస్ అని వాళ్లకు తెలియదు. కానీ అంతవరకు తొడమీద తాళం వేస్తున్న చేతులు ఆగిపోయాయి. ముందు వరసలో ఇద్దరు లేచి టీకొట్టు వైపు నడిచారు. పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఆ లోటు తన చేతులతో పూడ్చాలని డోలక్ ఆయన బలమంతా పెట్టి వాయించాడు. పాట అయ్యాక మా మాస్టారు దగ్గరకొచ్చి, "ఏమైందిరా? పాట కింద నేల లాగేసినట్టుంది" అన్నారు.

కారణం అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నదైన ఒక 9 వోల్టుల బ్యాటరీ. కొన్ని బేస్ గిటార్లలో శబ్దాన్ని సరిదిద్దే చిన్న సర్క్యూటు ఉంటుంది, అది ఈ బ్యాటరీ మీద నడుస్తుంది. స్విచ్చంటూ వేరే ఉండదు. కేబుల్ జాక్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మధ్యాహ్నం సౌండ్ చూసుకుని, జాక్ అలాగే వదిలేసి భోజనానికి వెళ్లడం నాకు అలవాటు. నెలల తరబడి అలాగే చేశాను. ఆ రాత్రికి దాని ఆయువు తీరింది.

అంత రాత్రి ఆ ఊళ్లో కొట్టు ఎక్కడ తెరిచి ఉంటుంది? మైకుసెట్టు ఆయన సంగతి అడిగి, ఏమీ మాట్లాడకుండా కరెంటు ఉందో లేదో కొలిచి చూసే తన మల్టీమీటరు వెనక మూత విప్పి, అందులో బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు. అదీ 9 వోల్టులదే. "ముందు పాట కానివ్వండి బాబూ" అన్నాడు.

ఆ రోజు నుంచి వాయిద్యాల విషయంలో నా లెక్క మారింది. ఏ గిటారు మంచిది, ఏ కంపెనీది కొనమంటారు అని కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను చూసేది ఒకటే. అర్ధరాత్రి దాటాక, ధనుర్మాసం మంచులోనో ఉప్పుగాలిలోనో, జనరేటరు కరెంటు మీద అది మోగుతుందా?

ఈ వాయిద్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. బేస్ గిటారుకి మామూలుగా నాలుగు తీగలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ స్వరం ఒక్క అల పొడవే దాదాపు 27 అడుగులు. మన ఇళ్లలో చాలా గదులకంటే ఎక్కువ. దానికి ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు లియో ఫెండర్. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. రేడియోలో మాట్లాడుతూ ఆయన్ని తలుచుకోవడం నాకు సంతోషం. గిటారు వాయించడం ఆయనకు రాదు, కానీ వాయించేవాళ్ల ఇబ్బందులు శ్రద్ధగా విన్నాడు. అంతవరకు బ్యాండుల్లో బేస్ అంటే మనిషెత్తు వయొలిన్‌లా ఉండే డబుల్ బేస్. మోయడం కష్టం, హోరులో వినపడదు, వీణకున్నట్టు మెట్లు లేవు గనక వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. 1951లో ఆయన మెట్లు అమర్చి, తీగ పొడవు 34 అంగుళాలు పెట్టి, భుజానికి తగిలించుకునేలా ఒక బేస్ తయారుచేశాడు. స్వరం కచ్చితంగా పలుకుతుంది గనక ప్రెసిషన్ బేస్ అని పేరు. అది రిపేరు తెలిసినవాడి పని అని విప్పి చూస్తే తెలుస్తుంది. మెట్లుండే పొడవాటి మెడని నాలుగు మరలతో బిగించాడు. ఒక్క స్క్రూడ్రైవరుతో ఊడదీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

నా మొదటి బేస్ కలకత్తాలో తయారైంది. సెకండ్‌హ్యాండులో కొన్నాను. తీగకీ మెట్టుకీ మధ్య మూడు రూపాయి బిళ్లలు పట్టేంత సందు. బేస్ అంటే అలాగే ఉంటుందనుకుని మూడేళ్లు వేళ్లు కాయలు కాచేలా నొక్కి వాయించాను. చెప్పేవాళ్లు లేరు. సినిమా రికార్డింగులకు వాయించిన ఒక పెద్దాయన మద్రాసు నుంచి బంధువుల పెళ్లికి వచ్చి, ఓ సాయంత్రం మా రిహార్సల్ గదిలో కూర్చున్నారు. నా గిటారు అందుకుని, మెడ వెంబడి ఒంటికన్నుతో చూసి, సంచిలోంచి చిన్న తాళంచెవి తీశారు. పావు చుట్టు తిప్పారు. కాసేపాగి ఇంకో పావు చుట్టు. ఆ తర్వాత తీగల కింది మరలు సరిచేసి, "ఇప్పుడు వాయించు బాబూ" అన్నారు. అదే చెక్క, అవే తీగలు. వేలు ఆనిస్తే చాలు, పలుకుతోంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆయన చెప్పింది ఇదీ. వీణకి మెట్లు మైనంలో నిలబెడతారు. తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ మెట్లు అమర్చుకోవచ్చు. బేస్ మెట్లు చెక్కలోకి దిగగొట్టిన లోహం, కదలవు. కాబట్టి మెడ వంపు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువంత బలంతో మెడని ముందుకు లాగుతుంటాయి. మెడ లోపల దాచిన ఇనుప కడ్డీ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. తాళంచెవితో ఆయన తిప్పింది ఆ కడ్డీనే. ఇక చెక్క సంగతి తెలిసిందే కదా, ముసురుకి తేమ పీల్చుకుంటుంది, వడగాడ్పుకి ఆరిపోతుంది. మన ఇళ్లలో వానాకాలం తలుపు బిగుసుకున్నట్టే ఇదీ. అందుకని ఏడాదికి రెండుసార్లు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, మెడ చూసుకుంటాను. ఒక రోజులో పావు చుట్టు మించి తిప్పను.

తీగల కథ వేరు. మాది కాకినాడ. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డున పెళ్లిళ్లకు వాయించడానికి వెళితే, తెల్లారేసరికి తీగల మీద సన్నటి ఎర్రపొడి. ఉప్పుగాలి, చేతి చెమట రెండూ కలిసి ఉక్కుని తినేస్తాయి. కొత్త సెట్టు కొనే స్తోమత లేని రోజుల్లో తీగలు ఊడదీసి, చుట్టచుట్టి, నీళ్లలో మరిగించేవాణ్ణి. బేస్ తీగ అంటే నడిమి ఉక్కు తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టినది. ఆ చుట్ల సందుల్లో జిడ్డు పేరుకుని శబ్దం మొద్దుబారుతుంది. వేడినీళ్లకి జిడ్డు కరుగుతుంది, తుడిచి ఆరబెట్టి కడితే ఓ వారం పదిరోజులు గొంతు తేటపడుతుంది. మా అమ్మ మొదటిరోజు గంజి గిన్నెలో తీగలు చూసి కంగారుపడింది. మర్నాడే పాతసామాన్లవాడి దగ్గర ఒక సత్తుగిన్నె కొని, "ఇది నీ తీగలకి ఉంచుకో నాన్నా" అని వంటింటి గూట్లో పెట్టింది. ఆ గిన్నె ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేను కట్టేవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటి మీద చుట్టు గుండ్రటి తీగ కాదు, నున్నటి రేకులాంటిది. చెమట దాగడానికి సందులు తక్కువ. ఖరీదు ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో జేమ్స్ జేమర్సన్ అనే మహానుభావుడు ఉండేవాడు. మోటౌన్ కంపెనీ రికార్డుల్లో చాలావాటి వెనక బేస్ ఆయనదే. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. 1983లో చనిపోయాడు. ఆయన గురించి తెలుసుకున్నాకే పాత తీగ మొద్దుతనాన్ని లోపంగా చూడటం మానేశాను. డోలక్ ఎడమవైపు దెబ్బ కింద ఆ మెత్తటి 'దుమ్' చేరితే రెండూ ఒకే వాయిద్యంలా వినిపిస్తాయి.

ఇక కరెంటు. ఇది కాస్త నిదానంగా వినండి.

మన దేశంలో కరెంటు సెకనుకి 50 సైకిళ్లు. నా లావు తీగ మూడో మెట్టు దగ్గర పలికే స్వరం 49. ఎర్త్ సరిగా లేని పందిట్లో బాక్సుల్లోంచి వచ్చే 'గుయ్యి'మనే రొద నా స్వరానికి పక్కింటిది. రెండూ కలిసి మోగితే సెకనుకోసారి అల లేచి పడినట్టు ఊగుతుంది. జనరేటరు మీదైతే ఇంకో సంగతి. సీరియల్ లైట్లు, జెయింట్ వీల్ ఒకేసారి వేస్తే జనరేటరు వేగం తగ్గుతుంది, దాంతోపాటు రొద కూడా కిందికి జారుతుంది. జారి సరిగ్గా నా స్వరంలోకి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నేను వాయిస్తున్నదేదో, వైరు వాయిస్తున్నదేదో తేల్చుకోవడం నా చెవికే కష్టం.

రొద చెవికి బాధ, అంతే. అసలు భయం దాని వెనక ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు కోసేసి, వైర్లు రెండూ సాకెట్లో దోపి, అగ్గిపుల్లలు గుచ్చడం మన పందిళ్లలో ఎవరు చూడలేదు? రొద తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లూ ఉన్నారు. గిటారు తీగలు లోపల ఎర్త్ తీగకి కలిపి ఉంటాయి. గాయకుడి మైకు ఇంకో లైను మీద ఉండి, రెండిట్లో ఏదో ఒక చోట ఎర్త్ పోతే, చెయ్యి తీగమీద, పెదవి మైకుమీద, మధ్యలో ఒళ్లే వైరు అవుతుంది. ఒక ఊళ్లో నా పక్కన రిథమ్ గిటారు వాయిస్తున్న తమ్ముడు కోరస్ అందుకోవడానికి మైకు దగ్గరకి వంగి, వెనక్కి విసిరేసినట్టు పడ్డాడు. బతికాడు. పెదవి మీద మచ్చ మిగిలింది. నాకంటే చిన్నవాడు, ఇంటి దగ్గర వాళ్లమ్మ ఎదురుచూస్తోంది. ఆ రాత్రి వాళ్ల గుమ్మం ముందు నిలబడి జరిగింది చెప్పాల్సి వచ్చినవాణ్ణి నేను.

పందిరి వేయించే పెద్దలు ఎవరైనా వింటుంటే వాళ్లకి నా మనవి. మైకుసెట్టుకీ వాయిద్యాలకీ ఒకే ఎర్త్ వేయించండి. మట్టిలో కడ్డీ పాతి, నీళ్లు పోయించండి. వాయించే తమ్ముళ్లకి ఇంకో మాట. రొద పోగొట్టడానికి డీఐ బాక్సు అని అరచేతిలో పట్టే ఇనుప డబ్బా దొరుకుతుంది. గిటారు శబ్దాన్ని దూరంలో ఉన్న మిక్సరు దాకా శుభ్రంగా చేరవేస్తుంది. దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉంటుంది. అది సిగ్నల్ వైరులో ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది. ప్లగ్గులో ఎర్త్ జోలికి పోదు. ప్లగ్గు పిన్ను విరవకండి.

ఆంప్లిఫయర్ల గురించి ఎక్కువ చెప్పను. 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన 300 వాట్ల ఎస్‌వీటీ అనే ఆంప్లిఫయరు, పాత రేడియోల్లో ఉండేలాంటి 14 గాజు వాల్వులతో నడిచేది, ఒక్కడు మోయడమే గగనం. ఇప్పుడు అంతకు మించిన శక్తి ఉన్నవి భుజం సంచిలో పడుతున్నాయి. నా నడుము ఎంత సంతోషిస్తుందో చెప్పలేను.

మీలో చాలామంది ఈ మాటలు చిన్న రేడియోలోనో ఫోనులోనో వింటుంటారు. సెకనుకి 41 కంపనాల స్వరాన్ని పలికే శక్తి ఆ స్పీకరుకి లేదు. అయినా పాటలో బేస్ మీకు వినిపిస్తుంది. ఆ తీగ కంపించినప్పుడు 41తో పాటు దానికి రెట్లుగా 82, 123, 164 కూడా పుడతాయి. పై స్వరాలే స్పీకరు దాటి వస్తాయి. వాటి మధ్య ఎడం పట్టుకుని, కింద లేని స్వరాన్ని మన మెదడే కట్టుకుంటుంది. మా వంటింటి ట్రాన్సిస్టరుకి చెవి ఆనించి ఇళయరాజా గారి పాటల్లో బేస్ వరసలు నేర్చుకున్నవాణ్ణి నేను. ఆయన పాటల్లో బేస్ గాయకుడి పక్కనే మరో పాట పాడుతున్నట్టు నడుస్తుంది. ఆ రేడియో పలకలేని స్వరాలన్నీ దాన్నుంచే విన్నాను.

ఆ నవమి పందిరికి ఇప్పటికీ వెళుతున్నాం. మల్టీమీటరు బ్యాటరీ ఇచ్చిన ఆయన లేరు, వాళ్లబ్బాయి మైకుసెట్టు నడుపుతున్నాడు. మీటరు మాత్రం ఆయనదే. ఏటా నేను రెండు కొత్త బ్యాటరీలు తీసుకెళతాను. ఒకటి నా గిటారులోకి, ఒకటి ఆ మీటరులోకి. బ్యాటరీ మార్చి మూత బిగించాక అతను మీటరు ఒక కొస నా తీగలకి, రెండో కొస మైకు జాలీకి ఆనించి చూస్తాడు. "సున్నా చూపిస్తోంది బాబాయ్, మొదలుపెట్టండి" అంటాడు.