అందరికీ ఒకే చాప: చేతితో నేర్చుకునే సామగ్రి

సభాధ్యక్షులకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన అంగన్‌వాడీ కార్యకర్తలకు, పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు, సూపర్‌వైజర్లకు నమస్కారం.

మన తరగతుల్లో చూపు మందగించిన పాప, చెవి వినిపించని బాబు, చేయి వణికే బిడ్డ, ఆటిజం వల్ల గోలను భరించలేని పిల్లవాడు, ఇంట్లో ఉర్దూయో తమిళమో మాట్లాడి వచ్చే పిల్లలు మిగతా వారి మధ్యనే కూర్చుంటారు. వారి కోసం ఒక మూల వేరే చాప పరిచి, వేరే వస్తువులు పెట్టే పద్ధతి చాలా చోట్ల ఉంది. అది మంచి మనసుతో చేసేదే అయినా, నేను దానితో ఏకీభవించను. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న బిడ్డను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన వస్తువు తరగతి మొత్తానికీ పనికొస్తుంది. దానిని అందరి మధ్యలో పెట్టాలి.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. ఫ్రాన్సు వైద్యులు ఇటార్, సెగాన్ పందొమ్మిదో శతాబ్దంలో వైకల్యం ఉన్న పిల్లలకు ఇంద్రియాల ద్వారా నేర్పడానికి పద్ధతులు, వస్తువులు రూపొందించారు. వైద్యురాలైన మరియా మాంటిస్సోరి రోమ్‌లో మొదట అటువంటి పిల్లలతోనే పనిచేసి, ఆ అనుభవంతో 1907 జనవరి 6న శాన్ లొరెంజో అనే పేదల పేటలో శిశు గృహం ప్రారంభించారు. మన దేశంలో గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం అనే పసిపిల్లల బడి నెలకొల్పారు. 1939లో మాంటిస్సోరి స్వయంగా మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంటే, నేడు ఖరీదైన బడుల్లో అద్దాల బీరువాల్లో కనిపించే సామగ్రికి మూలం, మామూలు బడి చేర్చుకోని పిల్లల కోసం జరిగిన కృషిలో ఉంది.

ఆ బీరువాలు మనకు అక్కరలేదు. ఉదయగిరి దుర్గం కింద తరతరాలుగా కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. రంగు, వార్నిష్ వేయని ఒక చెక్క చెంచా, రెండు గిన్నెలు, గుప్పెడు పెసలు ఉంటే, ఒక గిన్నెలోవి రెండో గిన్నెలోకి మార్చే పని సిద్ధమవుతుంది. రేపు పలక మీద బలపం పట్టుకోవడానికి కావలసిన మణికట్టు అదుపు ఈ పనిలోనే వస్తుంది. చేయి వణికే బిడ్డకు అదే చెంచా కాడ చుట్టూ పాత నూలుగుడ్డ చుట్టి లావు చేయండి, పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరవండి, పెసల బదులు పెద్ద గవ్వలు వేయండి. పక్కనున్న పిల్లలు చేసే పనే ఈ బిడ్డా చేస్తుంది, వారితో సమానంగా ముగిస్తుంది కూడా.

అక్షరాల విషయంలో మరికాస్త ఆగుదాం. వడ్రంగులు వాడే ఉప్పుకాగితాన్ని అక్షరం ఆకారంలో కత్తిరించి అట్ట మీద అంటిస్తే, బిడ్డ చూపుడువేలితో దాని మీద దిద్దుతుంది. ప, ష, ఫ అనే మూడింటికీ మూల ఆకారం దాదాపు ఒకటే కాబట్టి కంటికి అవి కలగాపులగంగా కనిపిస్తాయి. లోపలి గీత, కింది ఒత్తు ఎక్కడున్నాయో వేలికి మాత్రం తగులుతుంది. ఇది చూపు మందగించిన పాపకు ఎంత అవసరమో, చూపు బాగున్న పిల్లలకూ అంత మేలు. వీధి బడుల్లో మన పెద్దలు ఇసుకలో దిద్దించింది కూడా ఈ వేలి జ్ఞాపకం కోసమే. జల్లెడ పట్టిన పెన్న ఇసుకను నల్లని పళ్లెంలో పలుచగా పోస్తే, గీసిన గీత వెంట నలుపు బయటపడి అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. ఇసుక తాకడం సహించలేని పిల్లలు కొందరు ఉంటారు. వారి చేయి బలవంతంగా పట్టి దిద్దించవద్దు, చిన్న కుంచె ఇచ్చి గీయనివ్వండి.

లెక్కలకు వామనగుంటలను మించిన వస్తువు నాకు తెలియదు. పద్నాలుగు గుంటలు, గుంటకొక గింజ చొప్పున వేసుకుంటూ పోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నీ ఆ ఆటలోనే ఉన్నాయి. చూపు లేని బిడ్డ వేళ్లతో తడిమి లెక్కపెడుతుంది. వినికిడి లేని బాబుకు నోటితో వివరించవలసిన అవసరం పెద్దగా ఉండదు, తెలుగు రాని బిడ్డకూ అంతే. చెక్క పలక దొరక్కపోతే కొబ్బరి చిప్పలను రెండు వరసలుగా అమర్చుకోవచ్చు. చిప్పల్లో గింజలు పడే చప్పుడు ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే లోపల గుడ్డముక్క వేస్తే సరిపోతుంది. చింతగింజలు, పెసలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే పసివారు కేంద్రంలో ఉన్నప్పుడు మాత్రం వాటిని వారికి అందనివ్వకూడదు. వారు నిద్రపోయే వేళలోనే ఈ ఆట పెట్టండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా నిర్ణయించింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో ‘జాదూయీ పిటారా’ అనే ఆట సామగ్రి పెట్టెను కూడా విడుదల చేసింది. ఇన్ని ఉన్నా, వచ్చిన సామగ్రి తాళం వేసిన ట్రంకుపెట్టెలోనే ఉండిపోతే పిల్లలకు దక్కేది ఏమీ లేదు. ఒక ముక్క పోయినా, విరిగినా స్టాకు రిజిస్టరులో సమాధానం చెప్పుకోవాలన్న భయంతోనే కార్యకర్తలు పెట్టె తెరవడం లేదు. ఆ భయానికి నేను వారిని తప్పుపట్టను. ఇక్కడ ఉన్న సూపర్‌వైజర్లకు, సీడీపీఓలకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు) నా విన్నపం ఇది: పిల్లల చేతుల్లో అరిగి, విరిగి, పోయిన వస్తువులను ‘వాడకంలో ఖర్చు’ అని రాసి తీసివేసే వీలు కల్పించండి, తనిఖీకి వెళ్లినప్పుడు కొత్తగా మెరిసే పెట్టె కనిపిస్తే అది ఎందుకు అరగలేదని అడగండి.